సంచిలో జాగా

సాతంరాయి,
12 జనవరి 2010

తమ్ముడూ శేఖర్,

నీ ఫోన్ వారం రోజులుగా మోగడం లేదు. ఎవరో ఆడమనిషి అరబ్బీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి స్విచ్చాఫ్ అని చెప్తోంది. అందుకే బడిలో పిల్లలు పరీక్ష రాస్తుంటే నేను ఉత్తరం రాస్తున్నాను. నలభై ఆరేళ్ళ తెలుగు పంతులమ్మను, ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో లెక్క తెలియడం లేదు.

పార్సెల్ అందిందా? ఐదో తారీఖు మంగళవారం ఎయిర్‌పోర్టుకు పోయాను. మన వైపు వాళ్ళు ఎప్పుడూ చేసే పనే చేశాను. దుబాయి లైన్లో నిలబడ్డవాళ్ళ ముఖాలు, సంచులు చూసుకుంటూ, జర ఇది పట్టుకపోతారా అని అడుక్కోవడం. నలుగురు కాదన్నారు. ఐదో అతను మన శంషాబాద్ వాడే, పాత బస్టాండు వెనక ఇల్లు. పేరు ఘియాసుద్దీన్. దర్జీ పని, మొదటిసారి పోతున్నాడు. అతని దగ్గర ఇంగ్లీషు కాగితం ఒకటి ఖాళీగా ఉంటే నేనే నింపి పెట్టాను. పార్సెల్ మాట ఎత్తితే చేత్తో సంచి లేపి చూసుకుని, "ఇయ్యి అక్కా, జాగా చేస్త" అన్నాడు. ఎట్లా చేశాడో తెలుసా? తన రగ్గు బయటికి తీసి భార్య చేతిలో పెట్టాడు. నీలం రంగుది, మడత కూడా విప్పలేదు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. అక్కడ ఎండలే కదా, రగ్గు ఏం చేసుకుంటానన్నాడు.

మామిడికాయ తొక్కు, కారప్పూస, మటన్ కూరకు మసాలా పొడి పెట్టాను. నువ్వు వెళ్ళినప్పటినుంచి మెస్ కూర చప్పగా ఉంటుందని ఏడుస్తున్నావు కదా. పైన నీ పేరూ నంబరూ రాసి చీటీ అంటించాను.

అందగానే ఫోన్ చెయ్యి. ఊరికే భయపడే మనిషిని కానని నీకు తెలుసు. ఈసారి ఎందుకో భయంగా ఉంది.

అక్క,
అరుణ

•

దుబాయి,
25 జనవరి 2010

అక్కకు నమస్కారం.

నేను క్షేమమే. ఫోన్ పోయింది. నాలుగో అంతస్తులో పైపులు బిగిస్తుంటే జేబులోంచి జారి కింద పడింది. కొత్తది ఇప్పుడే కొనను.

పార్సెల్ అందలేదు. అతను ఏ కంపెనీలో చేరాడో, ఎక్కడ ఉన్నాడో తెలియదు. మరిచిపోయి ఉంటాడు. తొక్కే కదా, పోతే పోనీ.

ఒక్క మాట అక్కా. ఆ ఇంటికి పోకు. పార్సెల్ గురించి అడగకు. ఎవరైనా వచ్చి నా గురించి అడిగితే ఎక్కడుంటాడో తెలియదని చెప్పు. ఈ ఉత్తరం చదివినంక చించెయ్యి. క్యాంపులో వేరేవాళ్ళ ఫోన్లకు కూడా చెయ్యకు, ఇక్కడ అన్నీ రికార్డు అవుతాయంటున్నారు.

ఇక్కడ చలి బాగానే ఉంది. రగ్గు కప్పుకోకుంటే నిద్ర పట్టదు.

శేఖర్

•

సాతంరాయి,
8 ఫిబ్రవరి 2010

శేఖర్,

పోకు అన్నావు కాబట్టే పోయాను. ఏ కారణమూ చెప్పకుండా వద్దంటే నేను ఆగిన రోజు ఒక్కటైనా ఉందా?

బంద్ వల్ల బస్సులు లేవు, సగం దూరం నడిచాను. పాత బస్టాండు దగ్గర ఒక దుకాణంలో అడిగితే అతను నవ్వి, "ఆ మత్తుమందు కేసోళ్ళ ఇల్లా?" అన్నాడు.

తలుపు తీసింది అతని భార్య మసర్రత్. భుజాల మీద ఆ నీలం రగ్గు ఉంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. లోపల కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. గ్లాసు పళ్ళకు కొట్టుకుంటుంటే ఆమె చూసింది, చూడనట్టు ముఖం తిప్పుకుంది.

దిగిన రోజే, సామాన్లు చూసే చోటే పట్టుకున్నారట. మసాలా పొడిలో మత్తుమందు ఉందన్నారట. ఈ డబ్బా నాది కాదు, చీటీ మీద పేరున్న మనిషిది అని అతను ఎంతగానో చెప్పాడట. వాళ్ళు ఆ నంబరుకు ఫోన్ కూడా చేశారట. ఆ తర్వాత ఏమైందో అతను భార్యకు చెప్పేలోపు లైన్ కట్టయింది. ఆమెకు అంతవరకే తెలుసు. నాలుగేళ్ళు పడొచ్చని ఎవరో చెప్పారట.

తిడుతుందని కూర్చున్నాను. ఎట్లా తిట్టినా పడాలని కూర్చున్నాను. ఆమె ఏమడిగిందో విను. "నీ తమ్ముడు మంచిగున్నడా అక్కా? ఆయన్ని గూడ పట్టుకపోయిన్రా? దువా చేసేటప్పుడు రోజు ఇద్దరి పేర్లు తీస్తున్న."

నీ ఫోన్ కింద పడి పగిలిందట అని చెప్పాను. ఆమె క్షణం కూడా ఆలోచించకుండా నమ్మింది. శేఖర్, నేను అట్లా నమ్మలేకపోతున్నాను.

ఆ ఫోన్ నీకు వచ్చిందా, రాలేదా? ఒక్క ముక్కలో రాయి.

అరుణ

•

దుబాయి,
20 ఫిబ్రవరి 2010

అక్కా,

వచ్చింది.

ఆ రోజు పార్సెల్ వస్తోందని నువ్వు ఫోన్ చెయ్యగానే సగం పూట సెలవు పెట్టి ఎయిర్‌పోర్టుకు పోయాను. బయటికి వచ్చే అద్దాల తలుపు దగ్గర మూడు గంటలు నిలబడ్డాను. విమానంలో వచ్చినవాళ్ళందరూ పోయారు. అప్పుడు ఫోన్ మోగింది. ముందు ఒకడు అరబ్బీలో మాట్లాడాడు. తర్వాత ఇంకొకడు హిందీలో అడిగాడు, శేఖర్ నువ్వేనా, ఘియాసుద్దీన్ ఎవరు, ఖష్‌ఖష్ నీ కోసమే తెచ్చాడా అని. ఖష్‌ఖష్ అంటే గసగసాలు.

రాంగ్ నంబర్ అన్నాను.

అనాలని అనుకోలేదు అక్కా. నోరే అన్నది. ఫోన్ పెట్టేసేలోపు వెనకనుంచి ఒక గొంతు వినబడింది. "శేఖర్ భాయ్, బోలో." అంతే. సిమ్ తీసి విరిచి అక్కడి బాత్రూంలోనే వేశాను. అద్దం అవతల, నాకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు ఆ మనిషి.

అప్పటినుంచి తిన్నది ఒంటబట్టడం లేదు. క్యాంపు గేటు ముందు తెల్ల కారు ఆగితే పోలీసులేమోనని బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంటున్నాను. పనిలో ఎవరైనా నా పేరు పిలిస్తే వెంటనే పలకడం లేదు. మంచం కూడా మార్చుకున్నాను, తలుపుకు దూరంగా.

ఒకటి అడుగుతాను. ఇక్కడ గసగసాలు మత్తుమందు కింద లెక్క, గింజ దొరికినా జైలే, పంపకు అని పోయిన దసరాకే ఫోన్లో చెప్పాను కదా. నువ్వు పెట్టలేదు కదా? పెట్టలేదని రాయి. నాకు జర ధైర్యం వస్తది.

శేఖర్

•

సాతంరాయి,
3 మార్చి 2010

శేఖర్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నోరే అన్నది అంటావా? ఆ నోరు ఎవరిది? అది నిన్ను అడక్కుండా మాట్లాడుతుందా? చిన్నప్పుడు బడిలో ఎవరినో కొట్టి వచ్చి, చెయ్యే కొట్టింది అన్నావు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వలేను.

భయపడ్డావు. సరే, ఎవరైనా భయపడతారు. కాని భయం నీదైతే జైలు ఇంకొకరిది ఎట్లా అవుతుంది? ముఖం కూడా తెలియని మనిషి నీ తొక్కు డబ్బా కోసం తన రగ్గు తీసి పక్కన పెట్టాడు. నువ్వు అవును నేనే అని ఒక్క మాట తీసి పెట్టలేకపోయావు. సిమ్ విరిచినప్పుడే అతనికున్న ఒక్క సాక్ష్యమూ విరిగింది.

ఇక్కడేమంటున్నారో చెప్తాను విను. స్టాఫ్‌రూంలో లెక్కల సారు బిక్షం, వాళ్ళకు ఇదే పని కదా మేడం అన్నాడు. వాళ్ళంటే ఎవరు సార్ అని అడిగాను. పేరు వినగానే కేసు తేలిపోయింది ఈ పెద్దమనుషులకు. అదే డబ్బా నీ చేతిలో దొరికి ఉంటే, పాపం అమాయకుడు, వంట దినుసు కదా అని పిటిషన్ మీద మొదటి సంతకం ఈ సారే పెట్టేవాడు. నేను ఇరవై ఏళ్ళుగా సభల్లో మాట్లాడుతున్నది దీని గురించే. మన ఇంట్లోనే నిలబడి చూడాల్సి వస్తుందనుకోలేదు.

ఆ దేశం సంగతి కూడా అడుగుతాను. గసగసాలు తినే ఊళ్ళనుంచి మనుషుల్ని కూలికి రప్పించుకుంటారు, వాళ్ళ నాలుకను మాత్రం ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. ఇక్కడ మనవాళ్ళు విమానాల నిండా మనుషుల్ని ఎక్కిస్తారు, ఏది పట్టుకుపోకూడదో చదువురానివాడికి చెప్పే దిక్కుండదు. ఎవరైనా చెప్పి ఉంటే ఇంత జరిగేదా?

పో. స్టేషన్‌కు పోయి చీటీ మీది శేఖర్ నేనే అని చెప్పు. మసర్రత్ దగ్గరికి మళ్ళీ పోయాను. నీ సంగతి ఆమెకు చెప్పలేకపోయాను. నీ నంబరు మళ్ళీ మోగితే తనకు కబురు చెయ్యమంది. మోగని నంబరు కోసం ఆమె ఎదురుచూస్తోంది.

అరుణ

•

దుబాయి,
15 మార్చి 2010

అక్కా,

అన్ని పేజీలు రాశావు. నేను అడిగిన ఒక్కదానికి జవాబు లేదు.

పెట్టావా, పెట్టలేదా?

నువ్వు సాతంరాయిలో కుర్చీలో కూర్చుని రాస్తున్నావు. నిన్నెవరు పట్టుకుంటారు? నేను గేటు దాటి పోతే మళ్ళీ ఈ మంచం మీదికి వస్తానో రానో తెలియదు. రెండుసార్లు స్టేషన్ రోడ్డు దాకా పోయాను. రెండుసార్లూ పక్కనున్న పండ్ల దుకాణంలో అరటిపండ్లు కొనుక్కుని తిరిగొచ్చాను.

నువ్వు నిజం రాసేదాకా నన్ను నిజం చెప్పమనకు.

శేఖర్

•

రాజీవ్‌గాంధీ ఎయిర్‌పోర్టు, బయటి గేటు దగ్గర,
28 మార్చి 2010

తమ్ముడూ,

పెట్టాను.

నువ్వు దసరాకు చెప్పింది గుర్తుంది. మరిచిపోయి కాదు, గుర్తుండే పెట్టాను. వంట దినుసు మీద నిషేధమేంది, ఎవరి పిచ్చి చట్టానికో మా తమ్ముడు చప్పటి కూర తినాలా అని ఒక్కదాన్నే వంటింట్లో వాదించుకుని గెలిచాను. గసగసాలు వేయించి, ఎండుకొబ్బరితో కలిపి మెత్తగా దంచాను. పొడి చేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ పొడి ఒక దర్జీ చేతికిచ్చి, లోపల తొక్కూ కారప్పూసే ఉన్నాయి అని చెప్పాను. నిన్ను తిట్టిన ప్రతి మాటా నా ముఖం మీద రాసుకోవలసింది. ఎవరైనా చెప్పి ఉంటే అని రాశాను చూడు, ఆ వాక్యం రాస్తున్నప్పుడు కూడా నాకు తెలుసు.

మొన్న మసర్రత్‌కు చెప్పాను. తెలిసే పెట్టినవా అని అడిగింది. తెలిసే అన్నాను. నా చేతిలోని నీళ్ళ గ్లాసు తీసుకుంది, ఇంకా సగం ఉంది. "ఇగ పో అక్కా. నాకు చెప్తె ఏం లాభం? చెప్పాల్సినోళ్ళకు చెప్పు." తలుపు వేసుకుంది.

జరిగిందంతా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, సంతకం చేసి, నోటరీ ముద్ర వేయించాను. ఆయన చదివి, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నారు, ఇంకోసారి ఆలోచించండి మేడం అన్నాడు. ఆలోచిస్తే చేతకాదని వెంటనే ముద్ర వేయమన్నాను. వేశాక ఆ కాగితాన్ని బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చి తలుపు గడియ వేసుకున్నాను. నిజమే, నువ్వన్నట్టు నేను కుర్చీలో కూర్చుని రాసే మనిషినే. కుర్చీలో కూడా వణుకు వస్తుందని ఇప్పుడు తెలిసింది.

ఏప్రిల్ ఐదున అతని కోర్టు. పోస్టులో పంపితే పదిహేను రోజులు. మీ క్యాంపుకు ఉన్నది పోస్టుబాక్సు నంబరే కాబట్టి కొరియర్ వాళ్ళు తీసుకోలేదు. ఇక మిగిలింది పాత దారే. మూడు రోజులనుంచి ఇక్కడ నిలబడుతున్నాను. ఇదివరకు తొక్కు డబ్బాలు పట్టుకుపోయినవాళ్ళు ఇప్పుడు కవరు చూస్తేనే పక్కకు జరుగుతున్నారు. ఘియాసుద్దీన్ సంగతి అందరికీ తెలిసిపోయింది. ఈ గేటు దగ్గర మనుషులు ఒకరినొకరు నమ్మే అలవాటును నేనొక్కదాన్నే పాడు చేశాను. వాళ్ళను ఏమనగలను? నేనైతే తీసుకుంటానా?

ఇప్పుడే ఒకామె ఆగింది. పేరు జంగమ్మ, మీ దగ్గరే ఆఫీసులు ఊడ్చే పని, సెలవు అయిపోయి తిరిగిపోతోంది. వద్దని తల తిప్పి పది అడుగులు పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. "అంత మొత్తం చదువు అక్కా. విన్నంకనే తీసుకుంట" అన్నది. నేల మీద కూర్చున్నాం. కవరు చింపి సంతకాల కాగితం చదివాను. నీ ఉత్తరంలోని రాంగ్ నంబర్ సంగతి కూడా చెప్పాను. ఇప్పుడు ఈ ఉత్తరంలో రాసిన ప్రతి వాక్యం ఆమెకు చదివి వినిపిస్తున్నాను. శుక్రవారం సెలవట, మీ క్యాంపు గేటుకే తెచ్చి ఇస్తానంటోంది.

పొమ్మని ఇక చెప్పను. చెప్పే అర్హత పోయింది. అడుగుతున్నాను.

అరుణ

•

దుబాయి,
11 మే 2010

అక్కా,

పోయాను.

శుక్రవారం జంగమ్మ గేటు దగ్గరికి వచ్చింది. కాగితాలిచ్చి కదలకుండా అక్కడే నిలబడింది. "అంత విన్న బిడ్డా. పోతవా పోవా?" పోతానో లేదో తెలియదన్నాను. అయితే నేను గూడ వస్త, పోలీస్ స్టేషన్ బయటి దాక, లోపలికైతే రాను, నాకు గూడ భయమే అన్నది. ఆదివారం పని మానుకుని వచ్చింది. పండ్ల దుకాణం ముందు నేను ఆగితే, నా ముంజేయి పట్టుకుని దాటించింది. ఆ రోజునుంచి నేను లోపలే ఉన్నాను.

మొదటి రోజు పెద్ద హాల్లో ముప్పై మంది మధ్యలో కూర్చోబెట్టారు. పక్కనున్న సన్నటి మనిషి ఏ ఊరు అని అడిగాడు. సాతంరాయి అన్నాను. "శేఖర్ భాయ్?" అన్నాడు. అదే గొంతు. గోడకు జరిగి చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. కొట్టలేదు. "చీటి మీద మీ అక్క అక్షరాలు మస్తుంటయి, పోలీసోళ్ళు గూడ మెచ్చుకున్నరు" అన్నాడు.

అసలు సంగతి ఇది అక్కా. వాళ్ళు ఫోన్ నంబరు తప్పు కొట్టారనే అతను ఇన్నాళ్ళూ నమ్మాడు. ఎవరో సంబంధం లేనివాడు ఎత్తి రాంగ్ నంబర్ అన్నాడని, నాకు సంగతి తెలిసిన రోజే నేను పరుగెత్తి వచ్చానని. ఇక్కడ అందరికీ నన్ను చూపించి, ఈయన నా కోసం తనంతట తాను వచ్చిండు అని చెప్తాడు. నా చొక్కా చిరిగితే కుట్టి పెట్టాడు. సూది ఎక్కడ సంపాదించాడో అడగలేదు. రాత్రి ఏసీ చలికి నేను ముడుచుకుంటే తన దుప్పటి అంచు నా మీదికి జరిపేవాడు. నేను నెల రోజులుగా అదంతా తీసుకుంటూ నోరు మూసుకుని ఉన్నాను. సిమ్ విరిచిన రోజుకంటే ఈ నెలంతా ఎక్కువ భయపడ్డాను. జైలు భయం వేరు. అతనికి తెలిసిపోతుందనే భయం వేరు.

నీ కాగితం కోర్టువాళ్ళు తీసుకున్నారు. మొన్న అతన్ని వదిలేసి ఇంటికి పంపమని ఆర్డరు వచ్చింది. గురువారం విమానం. నా వాయిదా ముప్పైన. తక్కువతో పోవచ్చని ఒకరంటారు, నాలుగేళ్ళని ఇంకొకరంటారు. రోజూ లేవగానే నాలుగేళ్ళే గుర్తొస్తాయి.

నిన్న అతనే అడిగాడు, ఇంటికి ఏమన్న పంపేదున్నదా అని. ఉత్తరం రాస్తానన్నాను. "ఈసారి నేను గూడ జంగమ్మక్క లెక్కనే. చదివి వినిపిస్తెనే పట్టుకపోత" అని నవ్వాడు. నవ్వులాటకే అన్నాడు. నేను మాత్రం నిజంగానే చదువుతున్నాను. నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని వింటున్నాడు. అసలు సంగతి ఇది అనే చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. రాశాను, చదవలేదు. తర్వాత చదివాను. అర్థం కానట్టు చూశాడు. అప్పుడు మొదటినుంచి చెప్పాను. ఫోన్ ఎత్తింది నేనే అని, ఆ మాట అన్నది నేనే అని, బోలో అని అతను పిలవడం నాకు వినబడిందని.

అది ఉత్తరంల రాసినవా అని అడిగాడు. రాశానన్నాను. మళ్ళొకసారి చదవమన్నాడు. చదివాను.

చెయ్యి చాపాడు. కాగితాలు ఇస్తే చించేస్తాడనుకున్నాను. చించితే ఆపకూడదనుకున్నాను. అంచులు కలిపి, దర్జీ గుడ్డ మడిచినట్టు మడత పెట్టి, ఇంకేదైనా రాసేదుంటే రాయి అని మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

"మసర్రత్ గూడ వింటది. దాచకుండ రాసినవు, గంతే చాలు. ఇంకేమన్న పంపుతవా? సంచిల జాగా ఉన్నది."

శేఖర్